సీరియల్ తల్లికి మాటలు

పోయినేడు జూన్ పదో తేదీన ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర తల్లీ తండ్రీ కూతురూ ముగ్గురూ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నారు. భార్యతో కలిసి ఆయన బయట తిన్నది అదే ఆఖరు. ఆమె పోయాక నంద్యాల ఇంట్లో ఆయనా కూతురూ మాత్రమే మిగిలారు.

"ఏందీ పాపా, అన్నం తినకుండా ఫోను పట్టుకుని ఏడుస్తాండావ్? ఇంకా ఆ సీరియల్ కథేనా?"

"సీరియల్లో ఆ తల్లిని చంపేసినారు నాయనా. ఫోన్లో నేను రాసే కథలో బతికిచ్చుకున్యా."

"మంచిపనే గదా."

"ఆమెకు అన్నీ అమ్మ మాటలే పెట్టినా. పట్టుచీర కట్టుకుని బంగళాలో నిలబడి, 'యాడ తిరిగొచ్చినావప్పా' అంటాది. చదివేటోళ్లు నవ్వినారు."

"మరి ఇప్పుడేమాయె?"

"అమ్మ మాటలు అయిపోయినాయి. గుర్తుండేవన్నీ రాసేసినా. ఇంగొక్క మాట గూడా గుర్తు రావడంల్యా. ఆమె మాట్లాడకపోతే మళ్లీ చచ్చిపోయినట్టే గదా. నీతో ఏమనేదో చెప్పు నాయనా."

"నన్ను తిట్టేది."

"అవి గూడా రాసేసినా."



"రాత్రిళ్లు నువ్వు రాసుకుంటాంటే నేను లైటు తీసేయమని అరిచేవాణ్ణి, గుర్తుందా?"

"ఊఁ. అప్పుడు అమ్మ ఏమీ అనేది కాదు."

"నీకు ఇనపడకుండా నాతో అనేది. 'బిడ్డ ఏందో రాసుకుంటాంది. వెలుగు కంట్లో పడితే తలుపేసుకో. లైటు మాత్రం తీయాకు' అని."

కూతురు తలెత్తింది. "ఇంగోసారి చెప్పు."

చెప్పాడు. ఆమె వేళ్లు ఫోను మీద కదిలాయి.

ఆయన అన్నం పళ్లెం ఆమె పక్కన పెట్టి, లైటు తీయకుండా, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.