తలుపేసిన కమాండరమ్మ

పేరంటాలని ఒకావిడండి, మా లంకలో. కొబ్బరిపీచుతో తాళ్ళు పేనుతాది. రేవు దిగి ఎడంచేతి సందులోకొస్తే ముందు మీకు తాడు కనపడతాది, ఆ తాడెంబడి నడుచుకుంటా వెళితే చివర్న పేరంటాలు కనపడతాది. మనిషి పొట్టి, మాట పొడుగు. అలాగని నోటికొచ్చినట్టు వాగే మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టు అనేస్తాది, అదే చిక్కు. మొగుడు సూరన్న. ఆయన నోరిప్పితే వానొస్తాదని మా పిల్లలంటారు. ఈళ్ళకి ఒక్కడే కొడుకు, వీరబాబని, ఏరు దాటించే పంటు మీద ఇంజను తోల్తాడు. ఆ వీరబాబుకి టైలరు తాతారావు కూతురు సత్యవేణిని అనుకున్నారు. పిల్లకి పిల్లోడు నచ్చేడు, పిల్లోడికి పిల్ల ముందే నచ్చింది. పంతులుగారు తాంబూలాలకి రోజు కూడా చూసేరు, ఈ బుధవారం కాదు, ఆపై బుధవారం అని. అంతా చక్కగా కుదిరిపోయింది అనుకోండి. అప్పుడేమైందంటే, టీవీలో ఒక సీరియలొచ్చిపడింది.

"చుక్కల్లో నావ" అని దాని పేరు. వేరే దేశపోళ్ళు తీసింది, మాటలు మాత్రం తెలుగులో అతికించేరు. శనివారం శనివారం, సాయంత్రం ఏడింటికి. కథేంటంటే, పదముగ్గురు మనుషులు ఓడలాంటిదెక్కి ఆకాశంలోకెళ్ళేరంట, ఎక్కడో వేరే లోకంలో ఊరు కట్టుకుందామని. సగం దారిలో ఒక రాయొచ్చి తగిలి ఓడకి చిల్లడిందంట. ఇంక చూస్కోండి, తిండి తక్కువ, నీళ్ళు తక్కువ, ఆఖరికి పీల్చుకునే గాలి కూడా తక్కువ. ఎలా బతుకుతారా అని, అదండి కథ. మా లంకోళ్ళకి ఇది పట్టినట్టు ఇంకేదీ పట్టలేదు. ఎందుకు పట్టదూ? మన చుట్టూ నీళ్ళు, మధ్యలో మనం. ఆళ్ళ చుట్టూ ఏమీ లేదు, మధ్యలో ఆళ్ళు. ఇంక తలొక అభిప్రాయం. ఒకావిడేమో, ఆళ్ళంతా గాల్లో తేలతన్నారు కదా, ఆ పిల్ల జడెందుకు తేలట్లేదు, అంతా మోసం అంటాది. ఇంకొకాయనేమో, ఇన్ని కష్టాల్లో ఉన్నారు, ఒక్కడూ దేవుడా అనడేంట్రా అంటాడు. ఆళ్ళు పోసిన ఉచ్చే మళ్ళీ మిషన్లో పోసి మంచినీళ్ళు చేసుకుంటారని చూపించిన రోజునైతే, మా ఈధిలో సగంమంది రాత్రి మంచినీళ్ళు ముట్టలేదంటే నమ్మండి. నవ్వకండి, నేనూ ముట్టలేదు. పేరంటాలేమో తాళ్ళ సంగతి చూసేది. "అదేం తాడు? నున్నగా ఉంది, చేతికి పట్టు దొరకదు. ఆకాశంలోకెళ్ళేవోళ్ళు ఆ మాత్రం చూసుకోవద్దా?" అనేది.

సరే, ఒక శనివారం తాతారావు ఈళ్ళని ఇంటికి పిలిచేడు. కాబోయే వియ్యాలోరు కదా, కలిసి సీరియలు చూద్దాం, రెండు పెసరట్లు తిందాం అని. పేరంటాలు, సూరన్న, వీరబాబు ముగ్గురూ వెళ్ళేరు. ఆ రోజు సీరియల్లో ఏం జరిగిందంటే, ఓడకి పడ్డ చిల్లు బయటికెళ్ళి పూడ్చాలి. ఎవరెళ్తారు? ఆళ్ళలో ఒక ముసలి మెకానిక్కున్నాడు, తెల్లగెడ్డం, మంచోడు, పిల్లల్ని నవ్విస్తా ఉంటాడు. మేమాయన్ని తాతగారనేవోళ్ళం. ఆయనెళ్ళేడు. చిల్లు పూడ్చేడు కూడాను. తిరిగొచ్చేలోపు తలుపు దగ్గర ఏదో పాడైపోయి లోపలి గాలంతా బుస్సుమని బయటికి పోతంది. లోపల పన్నెండుమందీ ఊపిరాడక గిలగిల్లాడిపోతన్నారు. తాత తలుపుకి నాలుగు బారల దూరంలో ఉన్నాడు, చెయ్యి చాపేడు. ఆ ఓడకి పెద్ద ఒకావిడ, కమాండరు. ఆవిడ తాత మొహంకేసి చూసింది. చూసి, తలుపేసేసింది. అంతే. పాటొచ్చింది, పేర్లు పడ్డాయి, మిగతాది వచ్చేవారం.

పొయ్యి మీద అట్టు మాడతన్నా తాతారావు పెళ్ళాం సీతారత్నం కదల్లేదు. అప్పుడు పేరంటాలు నెమ్మదిగా, "వేసేసింది. మంచి పని చేసింది" అంది. తాతారావు ఇటు తిరిగేడు. ఆయనెలాంటోడంటే, పాత బట్ట కత్తిరించాలన్నా దానికి నొప్పేస్తాదేమో అనుకునే రకం. మెత్తని మనిషి. "ఏంటి చెల్లెమ్మా, ముసలాయన చెయ్యి చాపితే ఆయన మొహమ్మీద తలుపెయ్యటం మంచి పనా?" అన్నాడు. "వెయ్యకపోతే పదముగ్గురూ పోదురు కదన్నయ్యగారూ" అంది. "పోతే అందరం పోదాం అనుకోవాలి! అది మనిషితనం!" "అలా అనుకున్నోళ్ళు ఎవరూ మిగలరు, ఆ మాట చెప్పటానిక్కూడా." ఇంక తాతారావుకి మెడ మీద నరం లేచింది. మెత్తని మనిషికి కోపమొస్తే ఎలా ఉంటాదో తెల్సు కదా, ఎక్కడ ఆపాలో తెలీదు. "అయితే రేపు మా పిల్ల మీ ఇంటికొచ్చేక, ఏదో కష్టమొచ్చి మీ గుమ్మంలో నిలబడితే, ఇంట్లోవోళ్ళు బాగుండాలని దాని మొహమ్మీద కూడా తలుపేస్తారన్నమాట!" అన్నాడు. చూసేరా, ఎక్కడి ఓడ, ఎక్కడి గుమ్మం!

ఇక్కడ పేరంటాలు, అయ్యో అన్నయ్యగారూ, ఏదో మాటవరసకన్నాను, ఆవిడ చేసింది తప్పే అనేస్తే అయిపోను. అనలేదు. "పిల్ల సంగతి వేరు, ఓడ సంగతి వేరు. ఓడ సంగతడిగితే నేనిదే చెప్తాను" అంది. సీతారత్నం కళ్ళలో నీళ్ళు. సత్యవేణి పెసరట్ల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తాతారావేమన్నాడంటే, "వచ్చే శనివారం గన్నెయ్య టీకొట్టు కాడ నలుగురి ముందూ చూద్దాం. ఆ ముసలాయన బతికేడా సరే. పోయేడా, తాంబూలాల్లేవు" అన్నాడంట. సూరన్న చెప్పులేసుకుంటా దగ్గేడు. ఆయన అభిప్రాయం అదే అనుకోవాలి.

ఇంక ఆ వారం చూడాలి మా లంక! తలుపెయ్యాలనేవోళ్ళు ఒక జట్టు, వెయ్యకూడదనేవోళ్ళు ఒక జట్టు. పంటు మీద ఈ చివర ఈళ్ళు, ఆ చివర ఆళ్ళు. రవికెలు కుట్టించుకోటానికెళ్ళిన ఆడోళ్ళని తాతారావు ముందు, నువ్వే జట్టు అని అడిగి, ఆ తర్వాత కొలత తీసేవోడంట. తలుపెయ్యాలన్నవోళ్ళకి చంకల కాడ బిగుతైపోయాయని చెప్పుకున్నారు, నిజమో అబద్ధమో నాకు తెలీదు. వీరబాబు అన్నం ముందు కూచుని మెతుకులు లెక్కెడతన్నాడు. "అమ్మా, ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోయింది? తప్పేనండీ అనెయ్" అన్నాడు. "నేననలేనురా" అంది. "ఎందుకనలేవు?" అంటే చెప్పదు. తాడు పేనుతానే ఉంది. పేనుతా పేనుతా మధ్యలో ఆపి, కుడిచెయ్యి తిప్పి మణికట్టుకేసి చూసుకునేదంట. మళ్ళీ పేనేదంట. పిల్ల బంగారం, కొడుకు మనసు పడ్డాడు, ఇదంతా నా నోటి మూలాన్నే పోతంది అని ఆవిడకి తెలీదా? తెల్సు. నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. కానీ కొన్ని మాటలుంటాయండి, మనిషి ఆటి మీద నిలబడి బతుకుతాడు. ఆటిని కాదంటే కాళ్ళకింద ఏమీ ఉండదు.

శనివారమొచ్చింది. ఏడు కాకముందే గన్నెయ్య టీకొట్టు కాడ ఊరు ఊరంతా ఉంది. ఈ పక్క బల్ల మీద పేరంటాలూ ఆవిడ జట్టు, ఆ పక్క బల్ల మీద తాతారావూ ఆయన జట్టు. ఏడైంది. పాటొస్తాదని చూస్తన్నాం. ఏమొచ్చిందనుకున్నారు? వంటల పోగ్రాం! ఒకమ్మాయి నవ్వుకుంటా చాకొలేటుతో ఇడ్లీ వేస్తంది. కింద అక్షరాలు పరిగెడతన్నాయి. సత్యవేణి పైకి చదివింది. "ప్రేక్షకుల ఆదరణ లేనందున 'చుక్కల్లో నావ' ప్రసారం నిలిపివేస్తున్నాము. మీ అభిప్రాయాలు తెలపాలంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి." ఊరంతా ఒక్కసారే లేచింది. "ప్రేక్షకులు లేరా? మేమెవరం మరి?" అని గన్నెయ్య టీ గరిటె ఎత్తేడు టీవీ మీదికి. ఇప్పుడు తాత బతికేడో పోయేడో తేలదు, తాంబూలాలున్నాయో లేవో తేలదు. తాతారావు ముందు ఫోన్ తీసేడు. అటుపక్క మనిషి కాదు, మిషను. గంట కొట్టినట్టొక మోతొచ్చేక మూడు నిమిషాల్లో మీ అభిప్రాయం చెప్పండి అంటాది. ఈయన మిషన్ని మూడు నిమిషాలూ తిట్టేడు. ఆ తర్వాత ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. జడ తేలటం లేదన్నావిడ జడ సంగతే చెప్పింది.

అప్పుడా సత్యవేణి ఏం చేసిందంటే, మా ఊరి పిల్లల్లో తెలివైన పిల్లండి అది, తన ఫోన్లో ఆ నంబరు కొట్టి, తిన్నగా పేరంటాలు దగ్గరికొచ్చి, "అత్తయ్యా, నువ్వూ చెప్పు. ఎందుకు తలుపెయ్యాలో చెప్పు. నేను వినాలి" అని చేతిలో పెట్టేసింది. పిల్ల నోట అత్తయ్యా అని వినేసరికి పేరంటాలు ఫోన్ చెవి కాడ పెట్టేసుకుంది. మోతొచ్చింది. మూడు నిమిషాలు మొదలయ్యాయి. ఇంక ఫోనెట్టెయ్యలేదు కదా, మొదలెట్టింది.

"అయ్యా, నా పేరు పేరంటాలు. మాది గోదారి లంక. నేను కాపురానికొచ్చిన ఆర్నెల్లకి పెద్ద వరదొచ్చింది. మా ఆయన పనిమీద అవతల గట్టునున్నాడు. ఊరంతా మునిగిపోతే బడి డాబా ఎక్కేం, ముప్పైమంది పైన. ఒక్కటే పడవ. పడవాయన విడతలు విడతలుగా దాటించేడు. ఆఖరి విడతకి నీళ్ళు డాబా అంచుకొచ్చేశాయి. ముసలోళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఒక్కొక్కళ్ళే ఎక్కేరు. పడవ అంచు నీటికి జానెడుంది. నేనొక్కదాన్నీ మిగిలిపోయేను. అంచు పట్టేసుకున్నాను. ఆయన నా మొహంలోకి చూసేడు. చూసి, తెడ్డుతో నా చెయ్యి నెట్టేశాడు. ఇదుగో, ఈ మణికట్టు మీద. 'నువ్వు గట్టిదానివి, కూచో, వస్తాను' అని ఎళ్ళిపోయేడు. ఆ రాత్రి ఆ డాబా మీద నేనూ, రెండు కోళ్ళూ, ఒక పామూ. పాము నా జోలికి రాలేదు, నేను దాని జోలికెళ్ళలేదు, కోళ్ళు మాత్రం ఇద్దర్నీ నమ్మలేదు. ఆయన్ని తిట్టని తిట్టు లేదు. కానీ అయ్యా, నేనెక్కుంటే ఆ పడవ మునిగేది. పన్నెండుమందీ పోయేవోళ్ళు, చంటిపిల్లల్తో సహా. అది నాకు ఆ రాత్రే తెల్సు. తెలిసే తిట్టేను. తెల్లారగట్ల ఆయనొచ్చేడు. నిద్దర్లేదు, చేతులు తెడ్డు పట్టి పుళ్ళైపోయాయి, గాలి పెరిగితే చీకట్లో మూడుసార్లు బయల్దేరి మూడుసార్లు వెనక్కి కొట్టుకుపోయేడంట. అంచేత నేను చెప్పేదేంటంటే, తలుపేసినోళ్ళని అప్పుడే తప్పనకండి. మళ్ళీ తియ్యటానికొచ్చేరా లేదా, అది చూడాలి. ఆవిడొస్తాదా రాదా నేను చూడాలి. మీరు ఇడ్లీలు తర్వాతెయ్యండి, ముందు ఆ..." కుయ్ మంది. మూడు నిమిషాలైపోయాయి.

టీవీలో ఆ అమ్మాయొక్కతే ఇడ్లీ రుచి చూసి అబ్బ అబ్బ అంటంది. తాతారావు బల్ల మీంచి లేచేడు. ఇటొచ్చేడు. "చెల్లెమ్మా, తర్వాతేమైంది?" అన్నాడు. "తర్వాతేముందన్నయ్యగారూ, పడవెక్కించుకున్నాడు." "ఏమన్నాడు?" "ఏమంటాడు? చద్దన్నం మూట తెచ్చేడు, తినమన్నాడు. ఇంతాలీసమా అని తిట్టుకుంటా తిన్నాను." తాతారావు నవ్వబోయి ఏడ్చేడు, ఏడవబోయి నవ్వేడు. "ఆ రోజే ఈ సంగతి చెప్పుండొచ్చు కదమ్మా, నేనన్ని మాటలన్నాను" అన్నాడు. "మీరు గుమ్మం సంగతడిగేరు, పడవ సంగతడగలేదు కదా" అంది పేరంటాలు. అప్పుడు, ఇనండి, సూరన్న నోరిప్పేడు. "బుధవారం ఎన్నింటికి బావగారూ?" అన్నాడు. అంతే, తాంబూలాలు ఖాయం. నిజంగానే నాలుగు చినుకులు కూడా పడ్డాయి.

పెళ్ళైంది. మా పెళ్ళిభోజనాల సంగతి చెప్పాలంటే ఇంకో పూట కావాలి. రెండు నెల్లయ్యేక, మా ఫోన్ల వల్లో, ఇంకే ఊరోళ్ళ ఫోన్ల వల్లో, ఆ సీరియలు మళ్ళీ మొదలెట్టేరు, ఆదివారం మధ్యాన్నం రెండింటికి. పేరంటాలింట్లో కూచున్నాం అందరం, వియ్యాలోరితో సహా. తాతేమయ్యేడంటే, బయటే ఉండిపోయేడు. ఆ కమాండరమ్మ మళ్ళీ తలుపు తియ్యలేదు. గాలి సర్దుకుంది, లోపలోళ్ళు కోలుకున్నారు, తాత దగ్గర ఇంకో గంటకి సరిపడా గాలుంది, అయినా తియ్యలేదు. ఇంధనం వృథా అని ఓడ ముందుకి తోలేసింది. పేరంటాలు లేచి నిలబడిపోయింది. "ఏం మనిషివే నువ్వు? మూసేవు సరే, తియ్యాలని లేదా? నీకు కమాండరుద్యోగం ఎవడిచ్చేడే?" అని టీవీ మీదికెళ్ళిపోయింది. తాతారావేమో, "అలా అనకమ్మా చెల్లెమ్మా, పాపం ఆవిడ మీదెంత బరువుందో, అందర్నీ గట్టెక్కించాలి కదా" అంటన్నాడు. "మీరు కూచోండన్నయ్యగారూ!" "నువ్వు కూచోమ్మా!" చూసేరా! ఆ రోజు ఆవిడన్న మాట ఈయనంటన్నాడు, ఈయన పడ్డ కోపం ఆవిడ పడతంది. ఇప్పటికీ తెగలేదా తగువు. ఇంక పెళ్ళి చెడగొట్టుకోటానిక్కూడా వీల్లేదు, సత్యవేణికి ఇప్పుడు అయిదో నెల. ఆదివారం ఆదివారం అరుచుకుంటారు, అరుచుకుని కలిసి కాఫీ తాగుతారు. నీ అభిప్రాయమేంటి అని నన్నూ అడుగుతారు. నాకా రెండిళ్ళలోనూ కాఫీ ఇస్తారండి, నేనెందుకు చెప్తాను?