నవనీతకు సీటొచ్చింది

చిల్కానగర్‌లోని ఒక సర్కారు బడికి కూతురి టీసీ కోసం ఓ తల్లి వచ్చింది.

“మా నవనీతకు నాచారంల ట్రస్టు బడిల సీటొచ్చింది మేడం. ఫీజు లేదంట.”

“మంచిదమ్మా. మరి వాళ్ల అన్నయ్య?”

“వాడు ఎంట్రెన్స్‌ల పాస్ కాలే. మీ తాన్నే ఉంటడు.”

“బాగా చదివే పిల్లలంతా అటే వెళ్లిపోతున్నారు. ఇంకొందరు తగ్గితే ఈ బడి మూసేసి, మిగిలినవాళ్లను రామంతాపూర్ పంపుతారట.”

“అయ్యో, మెయిన్ రోడ్డు దాటి వాడొక్కడే ఎట్ల పోతడు?”

టీచరు టీసీ పుస్తకం ముందుకు లాక్కుంది.

“అయితే నవనీతను ఆపమంటరా మేడం? మీ బిడ్డయితే మీరేం జేస్తరు?”

“పంపిస్తానమ్మా.”

టీచరు టీసీ మీద సంతకం పెట్టి ఇచ్చింది. తల్లి దాన్ని జాగ్రత్తగా మడిచి పట్టుకుంది.

“మా కొడుకును జర మంచిగ సూడుండ్రి మేడం.”

“బడి ఉన్నన్నాళ్లూ చూస్తాను.”