కుడిచేతి బటన్

పక్షవాతం వచ్చి మూడు నెలలైన సుగుణను, తమ్ముడు చిక్కడపల్లిలోని తన రిపేర్ షాపుకు తీసుకొచ్చి పాత స్పేస్ ఇన్వేడర్స్ వీడియో గేమ్ మిషన్ ముందు కూర్చోబెట్టాడు.

“గీ డబ్బా ఇంకా నడుస్తదారా?”

“నీ కోసమే బాగుచేసిన. చిన్నప్పుడు నారాయణగూడల గీ ఆటల నన్ను రోజూ ఓడగొడుతుంటివి కదక్కా.”

“అప్పుడు చెయ్యి మాట వింటుండె. ఇప్పుడు రబ్బరు బంతి పిసుకుమన్నా వేళ్లు ముడుచుకుంటలేవు.”

“బంతి సంగతి ఇడిసిపెట్టు. గీ బటన్ మీద కుడిచెయ్యి పెట్టు. స్టిక్ నేను తిప్పుత.”

“అగో, శత్రువుల ఓడలు దిగుతున్నయ్! ఎడమకు జరుపు, జల్ది!”

“జరిపిన. నువ్వు కాల్చు!”

“అయ్యో, అయిపోయిందిరా. ఒక్కటే పడ్డది.”

“ఆ ఒక్కటి ఎవరు కొట్టిన్రక్కా?”

ఆమె బటన్ మీదున్న తన చూపుడువేలిని చాలాసేపు చూసుకుంది.

“మళ్లీ పెట్టురా. ఈసారి జర సక్కగ జరుపు.”