రెండో పాట

2021 ఫిబ్రవరి, హాంబర్గ్. బయట వానైనా కాసేపు ఆగుతుందేమో గానీ, మూడో అంతస్తు వంటింట్లో పౌలురాజు నోరు ఆగేలా లేదు. విమానాల కంపెనీలో రూట్లు ప్లాన్ చేసే పెద్దమనిషి. లాక్‌డౌన్ పుణ్యమా అని ఆఫీసంతా ఇంట్లోనే. ఆ మంగళవారం లాప్‌టాప్ ఠపీమని మూసేసి, ఉల్లిపాయలు తరుగుతున్న భార్య మేరీకుమారి మీద విరుచుకుపడ్డాడు.

"ముంచావు కదా! నట్టేట ముంచావు కదా! ఇంకా ఏమన్నా మిగిల్చావా?"

"ఏవండీ, మెల్లగా. పిల్లకి ఆన్‌లైన్ క్లాసు జరుగుతోంది."

"జరగనీ! రేపు పదకొండింటికి నాకూ జరుగుతుంది క్లాసు. హెచ్.ఆర్. వాళ్ళు టెర్మిన్ పెట్టారు, ఆ టైముకి హాజరవ్వాలట. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"ఎందుకని అడుగుతోంది చూడు! బయటికి పొక్కకూడని కబురు పొక్కిందట. మా టీములో నలుగురికి మాత్రమే తెలిసిన కబురు. నలుగురినీ ఒక్కొక్కళ్ళనే పిలుస్తున్నారు. మొదటి పిలుపు నాకే."

"కాస్త అటు జరగండి. వెలుతురుకి అడ్డంగా ఉన్నారు."

"మేరీ!"

"వింటున్నానండీ."

"ఆదివారం జూమ్ ఆరాధనలో ఏమన్నావో మళ్ళీ చెప్పు. నా ఎదురుగా. ఉన్నదున్నట్టు."

"మీరూ ఉండాల్సింది. బేకరీకి రొట్టెలకని వెళ్ళిపోయారు."

"రొట్టెలకి వెళ్ళబట్టేగా కొంప మునిగింది! నీకు తప్ప ఎవరికీ చెప్పలేదుగా, అనుమానమొచ్చి రికార్డింగ్ పెట్టుకుని ఇప్పుడే చూశాను. అయినా నీ నోటితో చెప్పు."

"ప్రార్థన అవసరతలు ఏమైనా ఉంటే చెప్పండమ్మా అన్నారు పాస్టరుగారు. చెప్పుకున్నాను. అందరూ చెప్పుకోలేదూ? ఒకాయన మోకాలి నొప్పి చెప్పుకున్నాడు. ఒకావిడ కొడుకు పరీక్షలు చెప్పుకుంది."

"మోకాలి నొప్పి చెప్పుకోవచ్చే! నువ్వేం చెప్పుకున్నావు?"

"మా ఆయన కంపెనీవాళ్ళు..."

"ఊఁ, కానీ."

"దగ్గర ఊళ్ళకి తిరిగే చిన్న విమానాలన్నిటినీ బయటి కంపెనీకి అప్పజెప్పేస్తున్నారు, వాటిని బాగుచేసే హ్యాంగర్ కూడా వేసవికల్లా మూసేస్తున్నారు, ఆ భారం మా ఆయన గుండె మీద ఉంది, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, ఆయనకి నెమ్మది దయచేయమని ప్రార్థించండి అన్నాను."

"దొరికింది నెమ్మది! బ్రహ్మాండంగా దొరికింది! అంతమంది వింటున్నారే ఆ జూమ్‌లో!"

"అందరూ మనవాళ్ళేగా."

"మనవాళ్ళే! ఆ మనవాళ్ళలో, ఆ హ్యాంగర్‌లో పనిచేసేవాడు ఒకడున్నాడని తెలీదూ నీకు? హ్యారీ! నీ తమ్ముడు హ్యారీ!"

"సొంత తమ్ముడు కాదుగా. మా నరసాపురం చర్చి పిల్లాడు."

"సొంతవాడికన్నా ఎక్కువ చేశావు. ఇల్మెనౌలో చదువయ్యాక ఈ ఊరొచ్చి, పేరు నమోదుకి, ఆ అన్‌మెల్డుంగ్‌కి, అడ్రస్ లేకపోతే మన అడ్రసే ఇచ్చాం. ఈ ఇంట్లోనే తిన్నాడు, ఈ ఇంట్లోనే పడుకున్నాడు. వాడు వింటుంటే వాడు పనిచేసే చోటు మూసేస్తున్నారని ప్రార్థనలో పెడతావా? బుద్ధుందా?"

"భారంలో వచ్చేసింది."

"బైబిలు మీద చెయ్యి వేయించానా లేదా?"

"వేయించారు."

"ఎవరితోనూ చెప్పనన్నావా లేదా?"

"ఏ మనిషితోనూ చెప్పనన్నాను. ఫోన్లో చెప్పనన్నాను. వాట్సాప్‌లో పెట్టనన్నాను. దేవుడితో చెప్పుకోవద్దని మీరనలేదు."

"దేవుడితో చెప్పుకునేది ఉంటే గదిలోకెళ్ళి తలుపేసుకుని చెప్పుకో! మైకు ఆన్ చేసుకుని చెప్పుకుంటారా ఎవరైనా?"

"డాడీ, బిట్టె, లైజె! నాకు లెక్కల క్లాసు! టీచర్‌కి అంతా వినిపిస్తోంది!"

"విన్నారా? మెల్లగా మాట్లాడమంటోంది అబిగెయిల్. సారీ అమ్మా, తలుపేసుకో."

"అది సరే. పోనీ మొదట్లోనే చెప్పి ఊరుకున్నా బాగుండేది. అప్పటికి సగంమంది రాలేదు. పాస్టరుగారు ముందు నిన్నేగా అడిగింది? 'ఒక పాట పాడి చెప్తానండీ' అన్నావు. పాడావు. సరే. మళ్ళీ ఇంకో పాట ఎందుకే? పొద్దున గొంతు పట్టేసిందని మిరియాల పాలు తాగినదానివి, ఒక్క చరణం కూడా వదలకుండా పాడావు! ఆలస్యంగా వచ్చేవాళ్ళంతా తాపీగా వచ్చి కూర్చున్నారు. అప్పుడు చెప్పావు!"

"ఆత్మ నడిపింపండీ."

"ఆత్మ మీదకి తోసెయ్! జూన్‌లో మన పర్మనెంట్ వీసాకి టెర్మిన్ ఉందని ఆత్మకి తెలీదా? అప్పటిదాకా ఈ ఉద్యోగం ఉండాలే పిచ్చిదానా. పోయిందంటే ఈ ఉద్యోగం మీద ఇచ్చిన బ్లూ కార్డు వీసా చేత్తో పట్టుకుని, మూడు నెలల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. ఈ కరోనాలో విమానాల కంపెనీవాణ్ణి ఎవడు పిలుస్తాడు? ఉన్న విమానాలే నేల మీద పడున్నాయి."

"నేల మీద పడుంటే కొత్త రూట్లు ఎలా వేస్తున్నారండీ? పేపర్లో చూశా. గ్రీసుకట, క్రొయేషియాకట. ఎంత పెద్ద ప్రకటనో."

"అవి సెలవుల రూట్లు. లాక్‌డౌన్ ఎత్తేస్తే జనం సముద్రం ఒడ్డుకి ఎగబడతారు. ముందు వెళ్ళి పాతుకున్నవాడిదే వ్యాపారం. దానికి డబ్బు కావాలి. న్యూరెంబర్గ్‌కీ లక్సెంబర్గ్‌కీ తిరిగే చిన్న విమానాలు నష్టం. అందుకని అవి బయటివాడికి. విమానం మీద మా రంగే ఉంటుంది, టికెట్ మీద మా పేరే ఉంటుంది. పైలట్ దగ్గర్నుంచి మెకానిక్ దాకా వాడి మనుషులు. జీతాలు తక్కువ."

"మరి ఇప్పుడున్న మనుషులో?"

"వాళ్ళకీ ఏదో చూస్తారు."

"ఏదో అంటే?"

"నన్నడుగుతావేంటి? నేను ఏ విమానం ఎక్కడికి పోవాలో గీతలు గీసేవాణ్ణి."

"ఈ గీతలూ మీరే గీశారుగా."

"గీయమన్నారు, గీశాను! నేను గీయకపోతే ఇంకోడు గీస్తాడు."

అంతవరకూ గిన్నెలకేసి చూస్తూ మాట్లాడుతున్న మనిషి కత్తి పక్కన పెట్టి తలెత్తేసరికి పౌలురాజుకి ఒళ్ళు మండింది. తప్పు చేసిన మనిషి చూసే చూపా అది?

"ఒకటి చెప్పండి. హ్యారీ హ్యాంగర్ కూడా అందులో ఉందని మీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడా సంగతెందుకు?"

"ఎప్పుడు తెలిసింది?"

"నవంబర్లో. అయితే?"

"జనవరిలో వాడొచ్చి ఈ బల్ల దగ్గరే కూర్చుని, రొయ్యల వేపుడు తింటూ మిమ్మల్ని ఏమడిగాడు?"

"వెయ్యి అడుగుతాడు. గుర్తులేదు."

"నాకుంది. బావగారూ, మ్యూనిక్‌లో కార్ల కంపెనీవాళ్ళు రమ్మంటున్నారు, వెళ్ళమంటారా అనడిగాడు."

"మ్యూనిక్‌లో మీటె కట్టలేవురా అన్నాను. అబద్ధమా? అక్కడి అద్దెలు నీకు తెలీవా?"

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది."

"మా కంపెనీ కొత్త రూట్లు వేస్తోంది, ఇలాంటప్పుడు వదిలిపోయేవాడంత వెర్రివాడు ఉండడురా అన్నారు. నేను చారు పోస్తున్నాను."

"మరేమనమంటావే? నీ హ్యాంగర్ మూసేస్తున్నారు, పారిపోరా అనమంటావా? నోరు విప్పనని సంతకం పెట్టాను!"

"విప్పొద్దు. నీ ఇష్టంరా అని ఊరుకోవచ్చుగా. ఉండిపొమ్మని ఎందుకన్నారు?"

"అంటే..."

"ఎందుకన్నారండీ?"

"వెళ్ళమంటే అనుమానం వస్తుందని! వాడు వెళ్ళి పదిమందితో అంటాడని! చాలా? సంతోషమా?"

"వాడి పెళ్ళాం సిల్వీ కాకినాడలో కూర్చుంది. ఆరో నెల. వీడి ఉద్యోగం చూసే దానికి వీసా ఇస్తారు. వేసవికి హ్యాంగర్ మూస్తే బిడ్డ మొహం వీడెప్పుడు చూస్తాడు?"

"నా బిడ్డ గురించి నేను ఆలోచించుకోవద్దా?"

"ఆలోచించుకోండి. వాడు ఆ రోజు మీరు తిన్న కంచం కూడా కడిగి పెట్టి వెళ్ళాడు. బావగారు భలే దారి చూపించారక్కా అన్నాడు తలుపు దగ్గర."

"అంత బాధైతే నాతో చెప్పాలి."

"చెప్పాను. ఆ రాత్రే చెప్పాను. మర్నాడూ చెప్పాను. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నారు."

బల్ల మీద మేరీకుమారి ఫోను మోగింది. పేరు చూసి పౌలురాజు దాని మీద చెయ్యి పెట్టేశాడు.

"ఎత్తకు. వాడే. పొద్దుటినుంచి నాకూ చేస్తున్నాడు."

"చెయ్యి తియ్యండి."

"తిడతాడే."

"తిట్టనీండి. పడాల్సినవాళ్ళం పడదాం. స్పీకర్ పెడుతున్నా."

"అక్కా, వందనాలక్కా. హ్యారీని. బావగారున్నారా?"

"ఉన్నార్రా. వింటున్నారు."

"బావగారూ, అక్కని ఏమీ అనకండి. ఏదో భారంలో నోరు జారింది. అక్క అలాంటిది కాదండి. మీ ఆఫీసులో గొడవైందని పొద్దున తెలిసింది."

"తెలిసిందా! ఎవడ్రా ఆ కబురు పైదాకా మోసింది?"

"నేనేనండి."

"నువ్వా!"

"మా యూనియన్‌వాళ్ళని అడిగానండి, హ్యాంగర్ మూసేస్తారంట నిజమేనా అని. వాళ్ళెళ్ళి పైన నిలదీశారు. మీ పేరు ఎత్తలేదండి. ఎవరు చెప్పారన్నారు. చెప్పనన్నాను."

"నీకెందుకురా ఆ పెద్దరికం? విన్నావు, నీ దారి నువ్వు చూసుకోవచ్చుగా?"

"చూసుకున్నానండి. మ్యూనిక్‌వాళ్ళు రేపటితో ఆఖరన్నారు కదా, అక్కకి తెలుసు. నిన్న సంతకం పెట్టి పంపేశాను."

"మరింకేం! నోరు మూసుకుని వెళ్ళిపోక!"

"నా పక్కన పనిచేసే మైకేల్‌కి ముగ్గురు పిల్లలండి. నాకు జర్మన్ రానప్పుడు ప్రతి పనీ చేత్తో చూపించి నేర్పాడు. ఆడికి చెప్పకుండా పోతే నాకు అన్నం దిగుద్దా?"

పౌలురాజు మూసిన లాప్‌టాప్ తెరిచి మళ్ళీ మూశాడు.

"బావగారూ? ఉన్నారా?"

"ఉన్నాను."

"ఒక్క మాటండి. జనవరిలో నేనొచ్చి అడిగినప్పుడు... అప్పటికే మీకు తెలుసాండి?"

"సిగ్నల్ సరిగ్గా లేదురా. తర్వాత మాట్లాడతా."

"బావగారూ..."

"కట్ అవుతోంది. తర్వాత చేస్తా."

"సరేనండి. అక్కా, ఉంటానక్కా. సిల్వీ నిన్ను అడిగానని చెప్పమంది."

"ఉంటాన్రా. వేళకి తిను."

"పెట్టేశాడా?"

"పెట్టేశాడు. సిగ్నల్ బాగానే ఉందండీ."

"నువ్వు మాట్లాడకు! మాట్లాడే మొహమా నీది? వాడు చక్కగా సంతకం పెట్టుకున్నాడు. పెద్దమనిషిలా యూనియన్ దాకా పోయాడు. మధ్యలో పోయేది ఎవరు? నేను! రేపు వాళ్ళకి ఏం చెప్పుకోను? మా ఆవిడకి మతిలేదండీ, ప్రార్థనలో నోరు జారిందండీ అని చెప్పుకోనా?"

"అలా చెప్పకండి."

"ఎందుకు చెప్పకూడదు? జరిగిందదేగా! వాడు కూడా అదే అన్నాడుగా, నోరు జారిందని!"

"వాడికి తెలీదు."

"ఏంటి తెలీనిది? ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం జ్ఞానం ఉండొద్దూ? నోరు తెరిచేముందు ఆ స్క్రీన్ మీద హ్యారీ ఉన్నాడో లేడో చూసుకోవద్దూ!"

"చూసుకున్నానండీ. మొదటి పాట అయ్యేసరికి వాడింకా రాలేదు. అందుకే రెండో పాట ఎత్తుకున్నాను."