తాత కాంటెస్సా నా చేతికొచ్చిన ముచ్చట

"అమ్మమ్మా, నిజం జెప్పు. గంత పెద్ద కారు నడుపుడు నువ్వెప్పుడు నేర్చుకున్నవ్? అమ్మనడిగితే నిన్నే అడగమంటది."

మీ అమ్మ గట్లనే అంటది. నేను మొదాలు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు గేటు కాడ నిలవడి కండ్లు మూసుకున్నదది. కూసో, చెప్త. గా ఫ్యాన్ జర తక్కువ జెయ్, నీ ఫోన్ల రికార్డు పెట్టినవ్, నా మాట ఇనవడాలె గద.

మాది పోచంపల్లి దిక్కు ఊరు, ఎర్కనే గద. ఇంటి నిండ మగ్గాలు. నా చిన్నప్పటి సంది ఆసు పోసిన. ఆసు పోసుడంటె పట్టుదారం చేత్తోని అటు ఇటు తిప్పుడు, పొద్దు పొడిసినకాడి నుంచి గదే పని. గీ కుడి రెక్క అప్పుడే అరిగింది. మా వాడకట్టుల అందరు పిల్లలను మగ్గపోళ్లకే ఇచ్చిండ్రు, మా నాయిన నన్ను డ్రైవర్‌కిచ్చిండు. మా అమ్మ ఏడిసింది. దీని మొగడు రోడ్ల మీదనే ఉంటడు, గిదేం సంసారమని. ఇగ చూడు, ఆ రోడ్లే నాకు... ఆగు, ముందుకు పోతున్న. వరుసగ చెప్త.

మీ తాతది నల్లగొండ దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక సేటు ఉండె, చీరల సేటు. మీ తాత ఆయన దగ్గెర నౌకరి. మా ఊర్లల్లకెల్లి చీరలు తెచ్చి దుకాణంల పడేసుడు. ముందుగాల ఏదో వ్యానుండె, తర్వాత సేటు గీ కాంటెస్సా కొన్నడు. అబ్బ, ఏం ఉండె బిడ్డా అప్పుడు! గింత పొడుగు మూతి, ఎడల్పు ఒళ్లు, పులి పండుకున్నట్టు. చీరల మూటలు డిక్కీల ఏసుకొని మా ఊరికొస్తే పిల్లలు ఎనకెనక ఉరికేటోళ్లు. గప్పుడు మేమిద్దరం మాట్లాడుకునుడు గూడ లేదు, పెండ్లి గాలేదు గద. నేను దర్వాజ సందులకెల్లి చూసిన. కారునా, మనిషినా అని అడగకు. నవ్వకు!

మీ అమ్మ పుట్టినప్పుడు నన్ను దవాఖాన నుంచి గా కార్లనే తెచ్చిండ్రు. సేటమ్మనే అన్నది, "బాలింతను ఆటోల తెస్తవా, కారు తీస్కపో" అని. ఆమె సల్లగుండాలె, ఎక్కడున్నదో. సేటు ముసలోడై దుకాణం ఎత్తేసిననాడు తాళం చెవి మీ తాత చేతుల పెట్టిండు. "యాదగిరీ, గీ బండి నీ చేతికే అలవాటైంది. నేనెవరికిచ్చినా నిన్నే తలుసుకుంటది" అన్నడు. ఇంటికొచ్చి బండి చుట్టు తిరుగుడు, మల్ల తిరుగుడు. బువ్వ తినమంటె ఇనడు.

తర్వాత అదే కారును పెండ్లిండ్లకు, దవాఖానలకు కిరాయికి తిప్పుకుంట మమ్ములను సాదిండు. మీ మామ సదువు, మీ అమ్మ పెండ్లి, మీర్‌పేట్‌ల గీ ఇల్లు, అన్ని గా బండి మీద పడ్డయే. అందుకే నేను దానికి మొక్కుత. నీకు నవ్వొస్తది గని.

ఇగ మీ తాత కండ్ల ముచ్చట. నీటికాసులన్నరు. గది చెప్పి రాదంట, పక్కలకెల్లి మెల్లగ చీకటి కమ్ముకుంటొస్తదంట. మీ తాత ఎవలకు చెప్పలే. ఒకనాడు నేను ఆయన పక్కన కూసున్న, మలక్‌పేట దిక్కు ఎవలదో పెండ్లికి పోయొస్తున్నం, కాదు కాదు, పెండ్లి గాదు, పురుడు. మూసారాంబాగ్ మలుపు దాటినంక బండి పక్కకు తీసి ఆపిండు. ఇంజన్ బంద్ జేసిండు. "ఏమైందయ్యా" అన్న.

"ఆ సైకిలోడు ఎటునుంచొచ్చిండో కనవడలే సుగుణా. గుద్దుతుంటి. ఇగ నేను నడప. ఆటో పిలువు" అన్నడు.

గంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. తాళం చెవి తీసి నా చేతుల పెట్టిండు. ఆయన చెయ్యి సల్లగున్నది. గా రోజు ఎవలకేం గాలేదు, గది దేవుడి దయ. బతుకంత నడిపినోడు తనంతట తనే ఆపిండు చూడు, అది ఎంతమందికి చేతనైతది?

డాక్టరమ్మ పరీక్ష జేసి, పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని మందు చుక్కలతోని కాపాడుదామన్నది. ఆ ఉన్నది గూడ ఎక్కువ దినాలు నిలవలే. ఇప్పుడు ఎలుగు, నీడ తెలుస్తది, గంతే.

మనిషి సప్పుడు జేసుడే బంద్ జేసిండు. కుర్సీల కూసునుడు, చాయ పెడితే తాగుడు, లేకుంటె లేదు. ఇంటి ముంగట కారు మీద బర్కం కప్పి ఉండేది. పాత సామాన్లోడు ఒకడు వచ్చి అమ్ముతరా అని అడిగేటోడు. మీ మామ సుత అన్నడు, "అమ్మా, ఉంచి ఏం జేస్తం, నాయినకు దాన్ని తలుసుకుంటె బాధనే గద" అని. వాడు చెడ్డతనంతోని అనలే బిడ్డా. వాడు గూడ పరేషానే, నాయినను అట్ల చూడలేక.

నాకేమైందో తెల్వదు. బువ్వ కలుపుతాంటె నోట్లకెల్లి వచ్చింది. "అమ్ముడు లేదు. నేను నేర్చుకుంట" అన్న.

మీ తాత నవ్విండు. ఎన్ని నెలలకు నవ్విండో! ఎక్కిరించినట్టే నవ్విండు గని, నవ్విండు గద. "దాని స్టీరింగ్ తిప్పనీకి పహిల్వాన్ కావాలె" అన్నడు. "ఆసు పోసిన చేతులయ్యా ఇవి" అన్న నేను. పంతం వచ్చింది.

కొత్తపేట కాడ డ్రైవింగ్ స్కూల్ల చేరిన. చుట్టూ కాలేజీ పిల్లలు, నడుమ నేను, చీర కుచ్చిళ్లు క్లచ్‌ల పడకుంట దోపుకొని. నేర్పే పిల్ల మంచిది, "ఆంటీ, తొందర లేదు, మల్ల చేద్దాం" అనేది. ఒక్కపారి గూడ ఇసుక్కోలేదు. లైసెన్సు వచ్చిననాడు మీ అమ్మ ఫోటో దీసి చుట్టాలందరికి పంపింది. భయపడ్డది గూడ అదే, పంపింది గూడ అదే.

గని చిన్న కారు ఏరు, కాంటెస్సా ఏరు. బర్కం తీసి, బ్యాటరీ ఏయించి, మీ తాతను పక్కన కూసోవెట్టుకొని గేటు దాటిన. నిలవడ్డప్పుడు స్టీరింగ్ ఇంత గూడ తిరగదు. గుంతల పడితే నడుమిరిగినట్టే. మన గల్లీ చివర ఎత్తుకెక్కే చడావ్ ఉన్నది సూడు, అక్కడ నీలం పొగ గుప్పుమని ఇడిసి ఇంజన్ ఆగింది. బండి ఎనకకు జారుతున్నది. బ్రేకు తొక్కితే లోపటికి పోతున్నది గని పట్టుతలేదు. నా పానం పోయింది. మీ తాత చెయ్యి చాపి తడుముకుంట హ్యాండ్ బ్రేకు గుంజిండు. ఆగింది. ఎనకాల ఆటోలోళ్లు హారన్లు. నాకు ఏడుపొచ్చింది.

నాకు తిట్లే అనుకున్న. "నీ తప్పు గాదే, బండి ముసలిదైంది. సత్యం కాడికి తోలిద్దాం" అన్నడు. తోలిద్దాం అన్నడు బిడ్డా. అప్పటిదాంక దేనికీ 'ద్దాం' అనని మనిషి.

సత్యం అంటె మెకానిక్. ఆంధ్ర దిక్కాయన, ఎప్పుడో వచ్చి ఎల్బీనగర్ చౌరస్తా అవతల షెడ్డు పెట్టుకున్నడు. మమ్ముల బాబాయిగారు, పిన్నిగారు అంటడు. బండిని జాకీ మీద లేపి కింద పండుకొని చూసొచ్చిండు. "పిన్నిగారండి, బాడీ బంగారం. కింద మాత్రం ఏం మిగల్లేదు. షాకబ్జర్లు కారిపోయినయ్, బుష్షులు పొడైపోయినయ్, వెనక స్ప్రింగులు, ఆ కమాన్ కట్టలు చదునైపోయినయ్. మీరు నడపాలంటే పాతవి పాతవే వేస్తే లాభం లేదండి. మంచివి వేద్దాం. ముందర డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్. వేలితో తిప్పేస్తారు చూడండి" అన్నడు.

అన్నిటికి మీ తాత సరే అన్నడు. ఇంజన్ కాడ ఆగిండు.

ఇంజన్‌కు పగులొచ్చిందంట, బాగు జేసినా నమ్మకం లేదంట. గదే కారుకు తర్వాత్తర్వాత వచ్చిన పెద్ద ఇంజన్ ఒకటి, ఐదు గేర్లది, మంచిది దొరికిందని సత్యం చెప్పిండు. మీ తాత లేసి నిలవడ్డడు. "వొద్దు. ఇంటికి పోదాం" అన్నడు. ఇంట్ల అడిగితే అప్పుడు చెప్పిండు.

"సుగుణా, దాని రంగు నాకు కనవడదు. దాని మూతి కనవడదు. నాకు మిగిలింది గా సప్పుడొక్కటే. అది గూడ మారిస్తే ఎవలదో కార్ల కూసున్నట్టుంటది."

ఆయన పక్కన కూసున్న. తర్వాత అన్న, "నిజమే అయ్యా. గని చడావ్ మీద ఎనకకు జారినప్పుడు నా పానం పోయింది. నడిపేది నేను. నువ్వు పక్కన ఉండాలె, నాకు ధైర్నం ఉండాలె. రెండు గావాలె నాకు." ఆయన పొద్దున్నే లేసి స్నానం జేసి, అంగీ ఏసుకొని, కట్టె పట్టుకొని గేటు కాడ నిలవడ్డడు. "పా, ఒకపారి ఇనొద్దాం" అన్నడు.

సత్యం ఆ ఇంజన్‌ను స్టాండు మీద పెట్టి స్టార్ట్ చేసిండు. మీ తాత దాని మీద అరిచెయ్యి పెట్టిండు. పెండ్లి పిల్లను చూడనీకి పోయినట్టు గంత సేపు. "జర తొందరపడుతుంది గీమె. కార్బొరేటర్ సర్దాలె" అన్నడు. సత్యం స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయన చేతుల పెట్టిండు, చెయ్యి పట్టుకొని ఏలు స్క్రూ మీదికి తీసుకపోయిండు. "మీరే సర్దండి బాబాయిగారు. మీకు నచ్చేదాకా మా వాళ్లెవరూ ముట్టుకోరు" అన్నడు.

గా మాటకు ఆయనకు జీవితాంతం రుణపడి ఉంట. వేరేటోడైతే, గుడ్డాయనకెందుకు, మేం చేస్తం కూసోండి అంటడు గద?

ఇగ రోజు పోవుడే. పొద్దుగాల నేను సద్ది కట్టేది, ఇద్దరం ఆటోల షెడ్డుకు. కొత్త షాకబ్జర్లొస్తే చేతులతోని నొక్కి చూసిండు, కమాన్ పట్టీలు ఒక్కొక్కటి తడిమిండు. సత్యంతోని మాటకు మాట. "గట్టిగ బిగించకయ్యా, ఎగిరెగిరి పడ్తది", "లేదండి బాబాయిగారు, మెత్తగా ఉంటే మలుపులో ఒరిగిపోద్ది". ఇద్దరు గట్ల కొట్లాడుకుంటాంటె నేను పక్కన కూసొని పల్లీలు ఒలుసుకుంట నవ్వుకునేదాన్ని. ఆయన ఆకలైతుందని అడిగి తిన్నడు. ఇంజన్ మారిస్తే ఆర్టీఓ కాడ పర్మిషన్ గావాలె, గదంత మీ మామనే తిరిగి చేయించుకొచ్చిండు. అమ్ముదామన్నోడే!

బండి చేతికొచ్చిననాడు ఆదివారం, పొద్దుగాల. సత్యం టెంకాయ కొట్టిండు. మీ తాత పక్కన కూసున్నడు. కీ తిప్పిన. సప్పుడు ఇని తల ఊపిండు. "ఆఁ, గిది నేను సర్దిందే" అన్నడు.

దిల్‌సుఖ్‌నగర్ దాంక పోదామన్నడు. సేటు దుకాణం ఉన్న జాగ. మీద మెట్రో, పక్కన బస్సులు. గని స్టీరింగ్ నిజంగనే వెన్నపూస. గడ్డిఅన్నారం రాంగనే ఆయనకు తెల్వలే. "ఇంక మార్కెట్ రాలేదా, పండ్ల వాసన లేదు" అన్నడు. "మార్కెట్ ఎత్తేసిండ్రు గదయ్యా" అన్న. "అవు గద" అన్నడు. సేటు దుకాణం జాగల ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపున్నది. ఏమున్నదని అడిగిండు, చెప్పిన. "మంచిగ నడుస్తుందా" అన్నడు. మంది బాగనే ఉన్నరన్న. సంతోషపడ్డడు.

మర్లి వచ్చేటప్పుడు సరూర్‌నగర్ లోపటికెల్లి వచ్చిన, మెయిన్ రోడ్డంటె భయమై. గల్లీలన్ని బ్రేకర్లే. ఆయన ముందరున్న డాష్‌బోర్డు పట్టుకొని గట్టిగ కూసున్నడు. "ముందర స్కూలు కాడ పెద్ద బ్రేకర్ ఉన్నది, జర మెల్లగ" అన్నడు.

"అది ఎప్పుడో దాటినమయ్యా" అన్న.

"దాటినమా?"

"దాటినం. దాని తర్వాతది గూడ దాటినం."

మెల్లగ చెయ్యి తీసి ఒళ్లె పెట్టుకున్నడు. నేను రోడ్డు మీదనే చూపు పెట్టిన. కొంచెం దూరం పోయినంక ఏందో అడిగిన, జవాబు లేదు. మెల్లగ పక్కకు చూసిన. నిద్రపోయిండు బిడ్డా. నోరు జర తెరుసుకొని, చిన్నపోరని లెక్క.

నీకు ఎర్కనా, పెండ్లైనకాడి నుంచి మీ తాత బండ్ల కన్నంటించింది నేను చూడలే. బస్సుల పోయినా, ఇంకొకరి కార్ల కూసున్నా, డ్రైవర్ కాలు దిక్కే చూసుకుంట కూసునేటోడు. గసొంటి మనిషి నేను నడుపుతుంటె పండుకున్నడు. ఇల్లొచ్చింది. నేను ఆపలే. ఇంకొక్క చుట్టు మీర్‌పేట్ చెరువు దిక్కు తిప్పుకొచ్చిన, లేస్తడేమోనని.

ఏం గావాలె బిడ్డా ఇంక? సేటు, సేటమ్మ, సత్యం, గా నేర్పిన పిల్ల, మీ మామ, అందరు నా కండ్ల ముంగట తిరుగుతరు. ఇప్పుడు గూడ నెలకొకపారి కండ్ల దవాఖానకు నేనే తీసుకపోత. డాక్టరమ్మ కిటికీలకెల్లి చూసి నవ్వుతది, రాజుగారి బండొచ్చిందని.

నువ్వు గూడ లైసెన్సు తీసుకుంటున్నవంట గద. తీసుకో. మంచిగ నేర్చుకో. దూరం దూరం పోవాలె నువ్వు, నేను చూడని ఊర్లన్ని చూడాలె. నీ పక్కన కూసున్నోళ్లు ఏ రంది లేకుంట కన్ను మూసేటట్టు నడుపు, నా తల్లీ. సల్లగ బతుకు.