గూబకు ఇల్లిచ్చిన మనిషి

అమ్మలారా, అయ్యలారా, పనులు వదిలి, బస్సులు మారి ఈ కల్లం దాకా వచ్చిన మీ అందరికీ దండం. మైకు లేదు. వెనక ఉన్నవాళ్లకు వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఈ సభకు అనుమతి అడగడానికి స్టేషనుకు పోయాను. కాగితంలో ‘సంతాప సభ’ అని చదవగానే అక్కడి సారు తలెత్తి అడిగిన మొదటి మాట, “ఏ దళం?” దళం కాదు సార్, మా మేనత్త కొమురవ్వ, కామెర్లతో పోయింది అన్నాను. “కామెర్లతోని పోతే సభెందుకు?” అన్నాడు. ఆయన తప్పు కాదు. ఇన్నేళ్లుగా మన దగ్గర సభ అంటే తూటాకు పోయిన మనిషికే. ఇటు తూటాకో, అటు తూటాకో. మంచంలో పోయిన మనిషి కోసం నలుగురం కూర్చోవచ్చని మనమే మరిచిపోయాం.

మరి ఎందుకు కూర్చున్నాం? దాచకుండా చెబుతాను. అత్త పోయిన రోజు ఆ ఇంటి కొప్పు మీద గూబ కూర్చుంది. మీరంతా చూశారు. చెట్ల మీద పెట్టెలు కట్టి దాన్ని సాకింది, అదే ఆమెను తీసుకుపోయింది అన్నారు. లచ్చయ్య మామ ఇల్లు పాడుపెట్టి వెళ్లిపోవాలన్నారు. పెట్టెలు పగలగొట్టాలన్నారు. రేపు గొడ్డలి తెస్తారట. మామ ఇదిగో, నా ముందే కూర్చున్నాడు. ఔననలేదు, కాదనలేదు. భార్యను పోగొట్టుకున్నవాడు ఆమె అలికిన ఇంటిని కూడా పోగొట్టుకోవాలా?

ఇల్లు పాడుపెట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. నేను బడికి పోయే రోజుల్లో తంగళ్ళపల్లిలో మా ఇంట్లోకి గూబ వచ్చింది. మగ్గం మీద, సగం నేసిన చీర పక్కనే వాలింది. సాయంత్రానికల్లా వాడంతా చేరి, నెలలపాటు ఆ ఇంట్లో దీపం పెట్టొద్దన్నారు. బట్టలు మూట కట్టాం, గిన్నెలు మూట కట్టాం. గుంట మగ్గాన్ని ఏ మూటలో కట్టాలి? మా నాయిన చంద్రయ్య ఎవరిదో అరుగు మీద కూర్చుని, దారం లేకుండానే, ఉత్త చేతులు ఆడిస్తుండేవాడు.

కబురు తెలిసి అత్త వచ్చింది. తాళం తీయించింది. “గూబకు బుగులువడి నువ్వు బయట, ఇల్లు లేక అది లోపట. ఎవలో ఒకలు మగ్గం నెయ్యాలె గదరా తమ్మీ,” అని లోపలికి పోయి, నాయిన వదిలేసిన చీర నేయడం మొదలుపెట్టింది. ఒక్కతే. అక్కడే వండుకుంది, అక్కడే పడుకుంది. దూలం మీద అది, మగ్గం గుంటలో ఈమె. వాడంతా గోడవతల చెవులు పెట్టి, ఎప్పుడు ఏమవుతుందా అని ఎదురుచూసింది. ఏమైంది? చీర అయిపోయింది. కోసి, భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చి, “సూస్కోండ్రి, అంచు గిట్ల పోయిందేమొ,” అంది. మూటలెత్తుకుని మేం ఇంటికి పోయాం.

కానీ ఆ పిట్ట అసలు ఇంట్లోకి ఎందుకొచ్చింది? అత్తను తొలిచిన ప్రశ్న అదే. తిరుగుదారిలో బస్సు కిటికీలోంచి చూసిందట. బందు రోజున అడవిలోని అన్నలు రోడ్డుకు అడ్డంగా చెట్లు నరికారు. మాటు వేస్తారని పోలీసులు రోడ్డు పక్క చెట్లు నరికించారు. ముసలి చెట్లకే గూబ గూడు పెట్టే తొర్రలుంటాయి. ఆ ముసలి చెట్లే పోయాయి. “ఇద్దరు కలిసి చేసిన పని గిదొక్కటే బిడ్డా,” అనేది.

మా నాయిన పవర్‌లూమ్ పనికి మారాక పాత మగ్గం చెక్కలు పొయ్యిలోకి పోవాల్సినవి. అత్త వాటిని బస్సు మీద వేయించి కోరుట్లకు, వడ్రంగం చేసే లతీఫుద్దీన్ మామూ దగ్గరికి తీసుకుపోయి, వాటితో గూబకు పెట్టెలు చేసిపెట్టమంది. ఇక్కడే ఉన్నాడు, అడగండి. “ఉల్లుకు ఇల్లా!” అని ఒకటే నవ్వాడట. “కొమురవ్వక్కా, దునియంత దాన్ని ఎల్లగొడ్తది, నువ్వు దర్వాజ వెట్టుమంటున్నవా?” అన్నాడట. అప్పుడు అత్త అన్న మాట వినండి. “దానింటికి దర్వాజ వెడ్తె, అది మనింటి దర్వాజకు రాదు గద భాయ్.”

గూబ ఎన్ని ఎలుకలను తింటుందో లెక్క చెబితే మనం వినేవాళ్లం కాదు. ఆమెకు మనం తెలుసు. మన భయాన్ని తిట్టలేదు. ఆ భయానికే ఒక పెట్టె చేయించి చెట్టుకు కట్టింది.

అదిగో ఆ ఇప్పచెట్టు మీది పెట్టెను ముందు పోలీసులు చూశారు. వైర్లెక్కడ, ఎవరి ఉత్తరాలు దాస్తున్నావు అన్నారు. “అండ్ల చెయ్యి వెట్టు సారూ, గదే చెప్తది,” అంది. ఒక కానిస్టేబుల్ ఎక్కాడు. లోపలినుంచి పిల్లలు బుస్సుమన్నాయి. పామో అంటూ సగం చెట్టు నుంచే దూకాడు. అప్పుడు ఎస్సై తానే ఎక్కి లోపలికి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కింద తుపాకులు పట్టుకున్నవాళ్లు నోళ్లు తెరిచి పైకి చూస్తున్నారు. లోపల తెల్లని ముఖాలు, ఒకదానికొకటి ఆనుకుని. ఒక్కో ముఖం ఒక్కో రావి ఆకు. నడుమ నల్లని కళ్లు. ఆయన ఎవరో, ఏ పక్షమో తెలియని కళ్లు. అలాంటి కళ్లు ఈ జిల్లాలో ఆయనకు ఇంకెక్కడ దొరుకుతాయి? కొమ్మకు తగులుతుందని తీశాడో, ఎందుకు తీశాడో, దిగినప్పుడు టోపీ చేతిలో ఉంది. “ఉండనీ,” అన్నాడు. అంతే.

తర్వాత అన్నలు వచ్చారు. పోలీసులు వైర్‌లెస్ పెట్టించారా అని అడిగారు. “అండ్ల చెయ్యి వెట్టు తమ్మీ,” అంది. వాళ్లూ చూశారు. పెట్టెను అలాగే వదిలి పోయారు.

నేను ఒకచోట కూర్చోలేని మనిషిని. జగిత్యాల కాలేజీ నుంచి వారం వారం ఇక్కడికి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఒకరోజు అత్త నన్ను ఈ గట్టు మీదే కూర్చోబెట్టి, “జెరసేపు మనిషి లెక్క కూసో,” అంది. మసక పడుతోంది. తల్లి గూబ పెట్టెలోంచి లేచి నా తల మీదుగానే పోయింది. గాలి తగిలింది. చప్పుడు లేదు. పిచ్చుక ఎగిరితే వినబడుతుంది, కాకి ఎగిరితే వినబడుతుంది. అంత పెద్ద రెక్క చప్పుడు ఎటు పోయింది? అత్త రాలిన ఈక ఒకటి నా చేతిలో పెట్టింది. “కొస సూడు. తువ్వాల లెక్క దారాలు ఇడిసిపెట్టిండు నేసినోడు.” నిజమే. ఈక అంచున దువ్వినట్టు మెత్తని పోగులు. ఆ పోగులే చప్పుడును మింగుతాయి. అంత నేత ఎక్కడ నేస్తారు? ఏ మగ్గం మీద?

సరే, ఇల్లిచ్చినా అది కొప్పు మీదికి ఎందుకొచ్చింది అంటారు. అడగాల్సిన మాటే. పిల్లలు ఎదిగాయి. పెట్టె నిండిపోయింది. తల్లికి చోటు లేదు. అత్త మంచంలోంచే కనిపెట్టింది. “ఇంకోటి చేపియ్యాలె,” అంది. నేను చేయిస్తా అన్నాను. “లేసినంక నేనే కడ్త,” అంది. లేవలేదు.

మామా, ఉండు, పో అని నీకు చెప్పే వయసు నాది కాదు. పెద్దమనుషులారా, మీ గొడ్డలి గుంజుకునే బలమూ నాది కాదు. ఒక్కటే అడుగుతాను. మీలో ఎంతమంది దాన్ని చూశారు? కూత విని దుప్పటి కప్పుకోవడం కాదు, రాయి విసరడం కాదు. చూడటం. చూసినంక గొడ్డలి మాట మాట్లాడుకుందాం.

పొద్దు గూకింది. పిల్లలు పెట్టె వాకిట్లోకి వచ్చి తల్లి కోసం చూసే వేళ. మనం మాట్లాడుతున్నంతసేపూ ఆ తల్లి దిగదు.

లేవండి. పిడికిళ్లు వద్దు, నినాదాలు వద్దు. బీడీలు ఆర్పేయండి. చిన్నపిల్లలను చంకనెత్తుకోండి. గడియారం చూడకండి. కొమురవ్వను తలుచుకుని, ఇప్పచెట్టు వైపు తిరిగి, సప్పుడు లేకుండా నిలబడదాం. ఆ తల్లి వచ్చేదాకా.