పదిహేడో నంబరు జెర్సీ

"వచ్చేసింది! నగరం కారు వచ్చేసింది! కెరిన్, కెటిల్ పెట్టు! బ్రియోనీ, ఆ మురికి కాళ్లు కడుక్కో!"

వీధి చివర మలుపు దగ్గర పుట్టిన ఆ కేక పోర్ట్ కారిక్ ఊళ్లో ఉన్న నాలుగు వీధులూ తిరిగి, ఆదివారం పొద్దున ఇంకా పక్క దిగనివాళ్లని కూడా లేపేసి, చివరికి కెరిన్ వంటింట్లోకి వచ్చి పడింది. ఆమె పాస్టీల అంచులు మడుస్తోంది. లోపల మాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ, పైన మడత జడ అల్లినట్టుండాలి. మడత సగంలో వేళ్లు ఆగిపోయాయి.

"దుకాణానికి పోయి సాస్ సీసా తెమ్మని పంపితే, మలుపులో కాపలా కాస్తున్నాడన్నమాట," అనుకుంది.

ఆ కాపలా కాసినాయన ఆమె తండ్రి డెస్ ట్రెంగోవ్. డెబ్బై రెండేళ్లు. ముప్పై ఏళ్లు బార్లీ లారీ తోలాడు. ఆ పని మానేశాక తీరం వెంట ఊరూరా అమ్మాయిల ఫుట్‌బాల్ ఆటలు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే రకం, చూసి, బాగా ఆడేవాళ్లుంటే అడిలైడ్‌లోని ఓ క్లబ్బుకి ఫోన్ చేసి చెప్పే పని నెత్తినేసుకున్నాడు. జీతం లేదు, ఓ టోపీ ఇచ్చారు. ఆ టోపీ తీసి ఆయన నిద్రపోయాడో లేదో ఊళ్లో ఎవరికీ తెలీదు.

ఇవాళ వచ్చింది ఆ క్లబ్బు మనిషే. పేరు ఫ్రెయా, పాతికేళ్ల పిల్ల, చంకలో లాప్‌టాప్. ఇంకో మూడు వారాల్లో డ్రాఫ్ట్ ఉంది. అంటే క్లబ్బులన్నీ ఒకచోట చేరి, వంతులవారీగా ఒక్కో అమ్మాయి పేరు పిలిచి తమ జట్టులోకి తీసుకునే రోజు. అందులో కెరిన్ కూతురు బ్రియోనీ పేరు వినపడాలి. వినపడకపోతే ఆ పై సోమవారం నుంచి బార్లీ నిలవచేసే సైలో దగ్గర లారీలు తూచే పనికి వెళ్లాలి, ఆట శనివారం కాలక్షేపం కింద మిగిలిపోతుంది. ఆ పిల్ల పది రోజులుగా తిండి సరిగ్గా తినడం లేదు.

అందుకే కెరిన్ అనుకుంది, ఫ్రెయాని ముందు తనే కూర్చోబెట్టుకుని నెమ్మదిగా నాలుగు మాటలు మాట్లాడాలని. కానీ పాస్టీలు ఓవెన్‌లో పెట్టి వరండాలోకి వచ్చేసరికి డెస్ పెద్ద కుర్చీలో కాళ్లు చాపేశాడు. మెట్ల మీద పక్కింటి క్లైవ్, సుత్తి అడగడానికి వచ్చినవాడు, సుత్తి సంగతి మర్చిపోయి టీ తాగుతున్నాడు. బ్రియోనీ కటకటాలకి ఆనుకుని గోళ్లు కొరుక్కుంటోంది.

"కూర్చో తల్లీ. ఈ తీరంలో మీ క్లబ్బుకి కళ్లెవరో తెలుసా? ఇవిగో, ఇవే. పదిహేడో నంబరు సంగతి మీవాళ్లు చెప్పే ఉంటారు."

"లేదండీ," అంది ఫ్రెయా.

"చెప్పలేదా!" డెస్ మొహం వెలిగిపోయింది. చెప్పలేదంటే ఆయనకి అంతకన్నా కావలసిందేముంది?

"నాన్నా, ఆవిడకి టైముండదు—"

"నువ్వు పాస్టీలు చూసుకో అమ్మాయ్. ఎనిమిదేళ్ల కిందటి మాట తల్లీ. మా ఊరి ఆడవాళ్ల జట్టు పుట్టిన మొదటేడు. జూన్ నెల చలి, సముద్రం మీంచి కత్తుల్లాంటి గాలి. నేను మైదానం గీత పక్కన ట్రక్కులో కూర్చున్నాను. వైపర్ పనిచెయ్యదు, ఒక చేత్తో అద్దం తుడుచుకుంటూ ఇంకో చేత్తో బైనాక్యులర్. అప్పుడు చూశాను పదిహేడో నంబర్ని. బంతి అందుకుంది. ఎడమకాలు. ఎంత చక్కని కాలు! కొట్టినట్టుండదు, బంతిని ఎవరికో పంపించినట్టుంటుంది. యాభై మీటర్లు. గోలు."

"పోయిన క్రిస్మస్‌కి నలభై ఐదన్నావ్," అన్నాడు క్లైవ్.

"అప్పుడు నాకు జలుబు, పూర్తిగా చెప్పలేకపోయాను. వింటావా, సుత్తి తీసుకుని పోతావా?"

"వింటా, వింటా."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మళ్లీ కొట్టింది. ఈసారి బంతి గోలు కర్రలు దాటింది, పైన్ చెట్లు దాటింది, సైలో మీద కూర్చున్న గువ్వలన్నీ ఒక్కసారి తలలొంచాయి, వాటి మీదుగా పోయి సముద్రంలో పీతలు పడుతున్న వాడి పడవలో పడింది. వాడు సాయంత్రం బంతి తెచ్చిచ్చాడు. ఏమన్నాడనుకున్నావ్? 'డెస్, వలలో వేస్తే ఈ బంతికే మూడు పీతలు పట్టుకున్నాయిరా' అన్నాడు."

ఫ్రెయా నవ్వు ఆపుకోలేకపోయింది. కెరిన్ గుమ్మానికి ఆనుకుని నేల చూస్తోంది. ఈ కథ ఆమె ఎన్నిసార్లు విందో! పెళ్లిళ్లలో, మైదానం క్యాంటీన్ దగ్గర, ఓసారి చర్చిలో కూడా. ఆ ఎడమకాలి దగ్గరికి వచ్చినప్పుడల్లా తండ్రి గొంతు మెత్తబడుతుంది. ఆ ఒక్క చోట ఆమె ఏ పనిలో ఉన్నా చెయ్యి ఆపేసి వింటుంది.

"ఇంకో వింత. అలుపు లేదు! నాలుగు క్వార్టర్లూ మిగతావాళ్లు నాలుకలు బయటపెట్టి రొప్పుతుంటే ఈ పిల్ల ప్రతి క్వార్టర్‌కీ అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంది. పైగా మొదటి క్వార్టర్‌లో నా భుజం దాకా వస్తుందేమో, అంతే. మూడో క్వార్టర్‌కి ఆరడుగులు! నా కళ్ల ముందే, ఆడుతూ ఆడుతూ పెరిగింది తల్లీ!"

"జుట్టు సంగతి చెప్పవేం తాతా?" అంది బ్రియోనీ. భయంలోనూ ఆ పిల్లకి నవ్వొచ్చింది.

"అదే చెప్పబోతున్నా. మొదట నల్లది. తర్వాత ఎర్రది. మరి అంత వేగంగా పరిగెడితే రంగు నిలుస్తుందా? గోలు పడితే చుట్టూ ఉన్న కార్లన్నీ హారన్ కొడతాయి కదా, ఆ రోజు కొట్టి కొట్టి పద్నాలుగు కార్ల బ్యాటరీలు చచ్చాయి, జనమంతా నడిచి ఇళ్లకెళ్లారు. నేను మాత్రం నేరుగా ఫోన్ దగ్గరికి. 'పేరు కనుక్కునేంత టైం లేదు, పదిహేడో నంబరు, రాసుకోండి' అన్నాను. జట్టు పట్టీలో ఆ నంబరు ఎదురుగా రోండా కెస్లిన్ అనుంది. డ్రాఫ్టు రోజు ఆ పేరు పిలవగానే మిగతా క్లబ్బులవాళ్లు బల్లల మీద తలలు పెట్టుకుని ఏడ్చారు! ఒకాయన ఇప్పటికీ ఆపలేదట!"

క్లైవ్ మోకాలి మీద చరుచుకున్నాడు. ఫ్రెయా కళ్లు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా లాప్‌టాప్ తెరిచింది. ఆ తెరవడంలోనే నవ్వు పోయింది.

"డెస్ గారూ, చిత్రం ఏమిటంటే నా నోట్సులో మీ మనవరాలు కూడా అలాగే ఉంది. ఆరు ఆటల వీడియోలు చూశాను. తొమ్మిదో నంబరు. ఒక క్వార్టర్‌లో ఎవర్నైనా వెంటాడి పడేస్తుంది, తర్వాతి క్వార్టర్‌లో పక్కనుంచి పోతున్నా పట్టుకోదు. ఒకసారి ఎడమకాలితో అందమైన గోలు, పావుగంటకి ఎడమకాలే లేనట్టు ఆడుతుంది." బ్రియోనీ వైపు తిరిగింది. "మావాళ్లు నిలకడ లేదంటున్నారు. మాకు ఉన్నది ఆఖరి వంతు ఒక్కటే. ఆ మాట ఫోన్లో చెప్పడం బాగుండదని వచ్చాను. నీ పేరు కొట్టేస్తున్నాం."

బ్రియోనీ గోళ్లు కొరకడం మానేసి చేతులు వెనక్కి పెట్టుకుంది. డెస్ చాపిన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

కెరిన్‌కి అసలు సంగతి వెంటనే తెలిసిపోయింది. ఆ తెలిసింది చెబితే తండ్రి ఎనిమిదేళ్ల కథ ఇక్కడే కూలిపోతుంది. చెప్పకపోతే కూతురి పేరు కొట్టేస్తారు. చేతులకున్న పిండి దులుపుకుంది.

"నాన్నా, పదిహేడో నంబరు ఒక్క మనిషి కాదు. ముగ్గురం."

"ముగ్గురేమిటే?"

"మాకు పద్దెనిమిది జెర్సీలే ఇచ్చారు. మేం ఇరవై మందిమి. బెంచి మీదున్నవాళ్లకి జెర్సీ ఉండేది కాదు. బయటికొచ్చినవాళ్లు విప్పి ఇస్తే, అది తొడుక్కుని లోపలికి పరిగెత్తేవాళ్లం. అంపైర్‌కీ తెలుసు, అటు తిరిగి ముక్కు చీదుకునేవాడు. పదిహేడులో ముందు దిగింది పొట్టి రోండా. ఆరడుగులది, ఎర్రజుట్టుది లిన్ బాస్కోంబ్. అందుకే అలుపు లేదు."

క్లైవ్ పగలబడి నవ్వబోయి డెస్ మొహం చూసి ఊరుకున్నాడు. డెస్ టోపీ తీశాడు. తల మీద ఎండ తగలని తెల్లటి చార.

"పొట్టిది రోండా," అన్నాడు వేళ్లు మడుస్తూ. "పొడుగుది లిన్. మరి ఆ ఎడమకాలు?"

"నాది."

"నువ్వు క్యాంటీన్లో పాస్టీలు అమ్ముతున్నావు కదే!"

"రెండు క్వార్టర్లు అమ్మాను. మిగతా రెండూ నువ్వు అద్దం తుడుచుకుంటూ చూశావు."

డెస్ టోపీని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఫ్రెయా మాత్రం లాప్‌టాప్ మీంచి వేళ్లు తీసి, "అయితే ఈ తొమ్మిది..." అని బ్రియోనీని చూసింది.

ఇక్కడ ఆ పిల్ల ఒక్క మాట మింగేస్తే చాలు. వెంటాడింది నేనే, ఎడమకాలూ నాదే, పట్టుకోకుండా వదిలేసినప్పుడు మాత్రం ఇంకొకళ్లు అంటే ఎవరు కాదంటారు? వీడియో దూరం నుంచి తీసింది, అందరూ బురదలో ఒకేలా ఉంటారు. ఆ దారి తెరుచుకుని ఉందని కెరిన్‌కి కనపడింది. తల్లి కదా, ఒక్క క్షణం ఆ పిల్ల అందులో నడిస్తే బాగుండునని కూడా అనిపించింది.

"ఇప్పుడు ఇరవై జెర్సీలు, ఇరవై నాలుగు మందిమి," అంది బ్రియోనీ. "తొమ్మిది నాదీ, మార్నీదీ. వెంటాడి పట్టుకునేది నేను. ఆ గోలు మార్నీది. నాకు ఎడమకాలు లేదండీ. నిజంగానే లేదు."

"మా మార్నీయా?" క్లైవ్ టీ కప్పు పక్కన పెట్టేశాడు. "నా మనవరాలా? మెకానిక్ షెడ్డుకి పోతున్నా అంటుందే శనివారాలు!"

"షెడ్డుకి పోయే వేషంలోనే వస్తుంది తాతా. బూట్లు సంచీలో ఉంటాయి."

"చెప్పొద్దూ మరి! ఇంతకాలం డెస్‌గాణ్ణి చూసి నవ్వాను. నా ఇంట్లోనే ఉందన్నమాట." క్లైవ్ లేచి కంచె దగ్గరికి పోయి, డెస్‌కి ఏ మాత్రం తీసిపోని గొంతుతో అరిచాడు. "మార్నీ! బూట్లేసుకునిరా! అవును, నాకు తెలుసు, ఆ బూట్లే!"

మార్నీ బూట్లతో వచ్చేసరికి ఫ్రెయా కూడా చెప్పులు విప్పేసి వీధిలోకి దిగింది. కోడిగుడ్డులాంటి ఆ బంతిని మార్నీ ఎడమకాలితో పోస్టాఫీసు గోడ దాకా పదిసార్లు పంపింది, పదిసార్లూ ఒకే ఇటుక మీదికి. తర్వాత ఫ్రెయా బంతి పట్టుకుని తనే పరిగెత్తింది, బ్రియోనీని వెంటాడమంది. ఒకప్పుడు తనూ ఆడిందే, మెలికలు తిరిగింది, క్లైవ్ ట్రక్కు చుట్టూ తిరిగింది, అయినా ప్రతిసారీ నాలుగు అడుగుల్లో నడుం పట్టుబడింది. మూడోసారి ఇద్దరూ గడ్డిలో పడ్డారు. ఫ్రెయా మోచెయ్యి గీరుకుంది. లేచి, కొత్త పేజీలో రెండు పేర్లు రాసింది.

"మాటివ్వలేను," అంది రొప్పుతూ. "ఉన్నది ఒక్క వంతు. ఇద్దర్లో ఒకర్నే పిలవగలం, ఎవర్నీ పిలవకపోవచ్చు కూడా. కానీ కొట్టేద్దామని తెచ్చిన పేరు కొట్టేయడం లేదు."

"నన్ను పిలిస్తే నువ్వు ఏడవకూడదు," అంది మార్నీ.

"ఏడుస్తాను. నీ జెర్సీతోనే ముక్కు తుడుచుకుంటా," అంది బ్రియోనీ. తర్వాత తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఆకలేస్తోంది."

పది రోజుల తర్వాత ఆ మాట. కెరిన్ లోపలికి పరిగెత్తినంత పని చేసింది.

వంటింట్లో డెస్ ఉన్నాడు. చేతికి గుడ్డ చుట్టుకుని ఓవెన్ లోంచి పాస్టీల రేకు తీస్తున్నాడు. ఒకటి అంచు మాడింది. ఆయన వెనక్కి తిరగలేదు.

"ఎందుకు చెప్పలేదే?"

"ముప్పై మూడేళ్లదానివి, మోకాళ్లు విరగ్గొట్టుకుంటావా అన్నావు గుర్తుందా? చెబితే ఆపేస్తావని."

"సరే, అప్పుడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లూ?"

కెరిన్ కాసేపు పళ్లేలు లెక్కపెట్టింది, అవసరం లేకపోయినా.

"నువ్వు ఎంత బాగా చెబుతావో నీకు తెలీదు నాన్నా. ఎంత చక్కని కాలు అంటావు చూడు. చెప్పేస్తే మళ్లీ అలా అనవేమోనని."

డెస్ రేకు పొయ్యి మీద పెట్టి, గుడ్డతో మొహం తుడుచుకున్నాడు, ఓవెన్ వేడి మరి.

"నడు," అన్నాడు. "ఇవాళ నేను పెడతాను."

వరండాలో ఆరుగురికి మూడు కుర్చీలే. ఆడపిల్లలిద్దరూ మెట్ల మీద, క్లైవ్ బోర్లించిన బకెట్ మీద సర్దుకున్నారు. కెరిన్ అలవాటుగా గుమ్మం దగ్గర నిలబడబోతే, డెస్ పెద్ద కుర్చీ ఆమె వైపు లాగి, మాడనిది ఏరి ఆమె పళ్లెంలో వేసి, సాస్ సీసా ఆమె ముందు పెట్టి, ఆమె కూర్చునేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆమె కూర్చుంది. అప్పుడు అందరూ తిన్నారు.